నారు పోసిన ఊరు

1994 ఆగస్టు 12న ఉత్తర అమెరికాలోని పెద్ద బేస్‌బాల్ మైదానాలన్నీ ఒక్కసారిగా మూగబోయాయి. ఆటగాళ్ల సంఘం సమ్మె కట్టింది. ఆ పొద్దుటికి 28 జట్లలో అందరికంటే ఎక్కువ గెలిచింది న్యూయార్క్ కాదు, లాస్ ఏంజెలెస్ కాదు. కెనడాలో ఫ్రెంచి మాట్లాడే మాంట్రియల్. ఆ ఊరి జట్టు ఎక్స్‌పోస్ 114 ఆటలాడి 74 గెలిచింది. తన డివిజన్‌లో అట్లాంటా బ్రేవ్స్‌ను ఆరు ఆటలు వెనక్కి నెట్టింది. ఆటగాళ్లందరి జీతాలూ కలిపితే ఏడాదికి సుమారు 1.9 కోట్ల డాలర్లు. న్యూయార్క్ యాంకీస్ పెట్టే ఖర్చులో అది సగం కూడా కాదు.

పదేళ్లు గడిచేసరికి ఆ జట్టే లేదు. ఆట రాక పోలేదు. గెలిచే మనుషుల్ని వరసగా తయారు చేసింది, వరసగా పోగొట్టుకుంది, చివరికి తానే పోయింది. ఈ కథ చెప్పేవాళ్లు చాలామంది నేరమంతా ఆటగాళ్ల డబ్బాశ మీదికి నెడతారు. కథ మొదటి నుంచీ విన్నవాళ్లకు ఆ తీర్పు మింగుడుపడదు.

మాంట్రియల్‌కు బేస్‌బాల్ కొత్త కాదు. నల్లజాతి ఆటగాళ్లను పెద్ద లీగు గడప తొక్కనివ్వని రోజుల్లో, 1946లో, జాకీ రాబిన్‌సన్ ఆడింది ఈ ఊరి రాయల్స్ జట్టుకే. ఆ నగరం అతన్ని నెత్తిన పెట్టుకుంది. మరుసటి ఏడాది అతను బ్రూక్లిన్ డాడ్జర్స్‌లో చేరి చరిత్ర సృష్టించాడు. ఒక మనిషిని తీర్చిదిద్ది పెద్ద ఊరికి పంపడం మాంట్రియల్‌కు అప్పటికే అలవాటన్న మాట. అప్పుడది గర్వకారణం.

1969లో ఎక్స్‌పోస్ పుట్టింది. అమెరికా సరిహద్దు బయట పెద్ద లీగు అడుగుపెట్టడం అదే మొదలు. యజమాని చార్లెస్ బ్రాన్‌ఫ్‌మన్ సీగ్రామ్ విస్కీ వ్యాపారపు కుటుంబంవాడు. ఏప్రిల్ 8న న్యూయార్క్‌లోని షే స్టేడియంలో తొలి ఆట. మెట్స్ మీద 11-10తో గెలిచారు. జారీ పార్కు అనే చిన్న మైదానంలో మొదలై, 1977లో ఒలింపిక్ స్టేడియానికి మారారు. అంతకు ముందు ఏడాది ఒలింపిక్స్ కోసం కట్టిన ఆ కాంక్రీటు భవంతి ఊరికి మూడు దశాబ్దాల అప్పు మిగిల్చింది. పచ్చిక ఉండాల్సిన చోట గట్టి నేల మీద కృత్రిమ గడ్డి పరిచారు. అది ఆటగాళ్ల మోకాళ్లు అరగదీసింది. 1991 సెప్టెంబరులో 55 టన్నుల కాంక్రీటు దూలం ఊడిపడితే, ఆ ఏడాది సొంత ఊళ్లో మిగిలిన ఆటలన్నీ పరాయి ఊళ్లలో ఆడాల్సి వచ్చింది.

అయినా జనం వచ్చారు. 1983లో 23 లక్షల మందికి పైగా టికెట్లు కొన్నారు. గ్యారీ కార్టర్, ఆండ్రే డాసన్, టిమ్ రెయిన్స్ ముగ్గురూ ఈ జట్టు పెంచినవాళ్లే. ముగ్గురూ తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కారు. 1981 అక్టోబర్ 19న, టైటిల్ తేల్చే వరల్డ్ సిరీస్‌కు ఒక్క ఆట దూరంలో నిలిచారు. చివరి ఇన్నింగ్స్‌లో డాడ్జర్స్ ఆటగాడు రిక్ మండే కొట్టిన హోమ్ రన్‌తో 2-1 తేడాతో ఓడిపోయారు. మాంట్రియల్ ఎక్స్‌పోస్ 36 సీజన్ల చరిత్రలో ప్లేఆఫ్స్ ఆడింది ఆ ఒక్క ఏడాదే.

వాళ్ల తలరాత రాసిన సంతకం మాత్రం అంతకు ఆరేళ్ల ముందే పడింది. 1975 వరకూ అమెరికన్ బేస్‌బాల్‌లో ఆటగాడు ఒకసారి సంతకం పెడితే జీవితాంతం ఆ జట్టు సొత్తు. వాళ్లు అమ్మితే పోవాలి, ఇచ్చినంత పుచ్చుకోవాలి. 1969లో సెయింట్ లూయిస్ జట్టు తనను ఫిలడెల్ఫియాకు ట్రేడ్ చేస్తే కర్ట్ ఫ్లడ్ వెళ్లనన్నాడు. కోర్టుకెక్కాడు. 1972లో సుప్రీంకోర్టులో ఓడిపోయాడు, అతని ఆట అంతకు ముందు ఏడాదే ముగిసింది. మూడేళ్ల తర్వాత బంతి విసిరే పిచర్లు ఇద్దరు కొత్త కాంట్రాక్టు మీద సంతకం పెట్టకుండా 1975 సీజన్ మొదలుపెట్టారు. పాత కాంట్రాక్టు గడువు తీరింది కాబట్టి మేం స్వేచ్ఛాజీవులం అని వాదించారు. డిసెంబర్ 23న మధ్యవర్తి పీటర్ సైట్జ్ వాళ్ల పక్షాన తీర్పిచ్చాడు. ఫ్రీ ఏజెన్సీ పుట్టింది ఆ రోజే. ఆ ఇద్దరిలో ఒకడు డాడ్జర్స్‌కు ఆడే ఆండీ మెసర్‌స్మిత్. రెండోవాడు డేవ్ మెక్‌నాలీ. ఆటగాళ్ల సంకెళ్లు తెంచిన ఆ రెండు కాంట్రాక్టుల్లో ఒకటి మాంట్రియల్ ఎక్స్‌పోస్‌ది.

ఆ తీర్పు తర్వాత కుదిరిన పద్ధతి ఇది: పెద్ద లీగులో ఆరేళ్లు ఆడిన ఆటగాడు కాంట్రాక్టు ముగియగానే ఏ జట్టుకైనా పోవచ్చు. న్యాయమైన హక్కే. పాతికేళ్లు దాటిన పనివాడు మంచి జీతం ఇచ్చే చోటికి పోతానంటే ఎవరు కాదనగలరు? చిక్కంతా జట్ల సంపాదనలో ఉంది. టికెట్ల డబ్బులో, అంతకు మించి స్థానిక టీవీ హక్కుల డబ్బులో, సింహభాగం ఏ ఊరిది ఆ ఊరిదే. 1988లో యాంకీస్ ఒక్క కేబుల్ చానల్‌తో 12 ఏళ్లకు కుదుర్చుకున్న ఒప్పందం విలువ సుమారు 50 కోట్ల డాలర్లు. మాంట్రియల్ ఆట చూసే టీవీలు క్యూబెక్ దాటవు. 1977లో టొరంటోకు బ్లూ జేస్ జట్టు వచ్చాక ఒంటారియో ప్రేక్షకులు అటు తిరిగారు. దానికి తోడు టికెట్లు అమ్మేది కెనడా డాలర్లలో, జీతాలిచ్చేది అమెరికా డాలర్లలో. 1990ల చివరికి కెనడా డాలరు 65 సెంట్ల దరిదాపులకు పడిపోయింది. గేటు దగ్గర వసూలైన ప్రతి రూకలోనూ మూడో వంతు సరిహద్దు దాటేలోపే ఆవిరయ్యేది.

బ్రాన్‌ఫ్‌మన్ మొదట్లో పోటీ పడ్డాడు. 1976లో రెజీ జాక్సన్ ఫ్రీ ఏజెంట్ కాగానే అతన్ని మాంట్రియల్ తేవాలని గట్టిగా ప్రయత్నించాడు. జాక్సన్ ఐదేళ్లకు దాదాపు 30 లక్షల డాలర్లకు యాంకీస్‌లో చేరాడు. ఎనిమిదేళ్లు గడిచాక సొంత బిడ్డ కార్టర్ జీతమే ఆ యజమానికి బరువైంది. 1984 డిసెంబరులో నలుగురు ఆటగాళ్లను తీసుకుని అతన్ని న్యూయార్క్ మెట్స్‌కు ఇచ్చేశారు. 1986లో మెట్స్ వరల్డ్ సిరీస్ గెలిచింది.

డాసన్ వెళ్లిన తీరు మరీ చిత్రం. 1985 నుంచి మూడేళ్లపాటు యజమానులంతా లోపాయికారీగా ఒక్కటై, పక్క జట్టు ఫ్రీ ఏజెంట్లకు ధర పలకకూడదని అనుకున్నారు. 1987 వసంతంలో డాసన్ చికాగో కబ్స్ ముందు సంతకం చేసిన ఖాళీ కాంట్రాక్టు పెట్టి, అంకె మీరే వేసుకోండన్నాడు. వాళ్లు 5 లక్షల డాలర్లు వేశారు. మాంట్రియల్‌లో వచ్చేదానికంటే అది చాలా తక్కువ. మోకాళ్లకు పచ్చిక దొరికితే చాలని వెళ్లిపోయాడు. ఆ ఏడాది 49 హోమ్ రన్లు కొట్టి లీగులో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. రెయిన్స్‌కు ఏ జట్టూ సరైన ధర చెప్పలేదు. పాత జట్టులో చేరాలంటే మే 1 దాకా ఆగాలన్న నిబంధన ప్రకారం ఆగి, తిరిగి మాంట్రియల్ చేరి, మర్నాడే షే స్టేడియంలో పదో ఇన్నింగ్స్‌లో గ్రాండ్ స్లామ్ కొట్టాడు. ఈ కుమ్మక్కు బయటపడ్డాక యజమానులు ఆటగాళ్లకు 28 కోట్ల డాలర్ల పరిహారం కట్టుకున్నారు. ధర తొక్కిపెట్టడానికి ఒక్కటవడం ఆ యజమానులకు బాగా చేతనైంది. ఆదాయం పంచుకోవడానికి ఒక్కటవడం మాత్రం చేతకాలేదు.

ఎక్స్‌పోస్ సొంత తప్పులూ లేకపోలేదు. 1989లో ఆ ఏడాదే టైటిల్ కొట్టాలన్న ఆత్రంతో సియాటిల్ నుంచి మార్క్ లాంగ్‌స్టన్‌ను తెచ్చారు. బదులిచ్చినవాళ్లలో పొడుగాటి కుర్ర పిచర్ ర్యాండీ జాన్సన్ ఉన్నాడు. సీజన్ ముగియగానే లాంగ్‌స్టన్ ఫ్రీ ఏజెంటై కాలిఫోర్నియా వెళ్లిపోయాడు. జాన్సన్ ఆ తర్వాత ఐదుసార్లు, ఉత్తమ పిచర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డు అందుకున్నాడు. డబ్బున్న జట్టు ఇలాంటి తప్పును మరుసటి శీతాకాలంలో చెక్కు రాసి దిద్దుకుంటుంది. మాంట్రియల్‌కు ఆ వెసులుబాటు లేదు.

1991లో విసిగిపోయిన బ్రాన్‌ఫ్‌మన్ జట్టును క్లాడ్ బ్రోషూ నడిపే స్థానిక పెట్టుబడిదారుల బృందానికి అమ్మేశాడు. డబ్బు పెట్టడానికి వాళ్లెవరికీ చెయ్యి రాలేదు. చిత్రంగా ఆ కరువు రోజుల్లోనే బంగారం లాంటి జట్టు తయారైంది. డొమినికన్ రిపబ్లిక్ నుంచి వచ్చిన ఫెలిపె అలూ మేనేజర్. కొడుకు మొయిసెస్ అవుట్‌ఫీల్డర్. అతని పక్కన కెనడాలోనే పుట్టిన లారీ వాకర్, చిరుత అడుగుల మార్క్విస్ గ్రిసమ్. పిచర్లలో కెన్ హిల్, ఆట చివర్లో దిగే జాన్ వెటలండ్, అప్పటికింకా 22 ఏళ్ల పెడ్రో మార్టినెజ్. 1994 వేసవిలో ఆ ఊరు చూసింది వీళ్లనే.

ఇక సమ్మె సంగతి. జీతాలకు పరిమితి పెడితే తప్ప చిన్న ఊళ్ల జట్లు బతకవని యజమానులు పదే పదే చెప్పారు. ఆ ఏడాది జనవరిలో ఫ్లోరిడాలో వాళ్లు కుదుర్చుకున్న ఒప్పందం చూస్తే అసలు గుట్టు తెలుస్తుంది. పెద్ద జట్లు చిన్న జట్లకు ఆదాయంలో వాటా ఇస్తాయి, కానీ ఆటగాళ్లు జీతాల పరిమితికి ఒప్పుకుంటేనే. అంటే న్యూయార్క్ చేసే దానం ఖర్చు ఆటగాడి జేబులోంచి రావాలి. ఆటగాళ్లు ఒప్పుకోలేదు. సెప్టెంబర్ 14న తాత్కాలిక కమిషనర్ బడ్ సెలిగ్ మిగిలిన సీజన్ రద్దు చేశాడు. 1904 తర్వాత వరల్డ్ సిరీస్ జరగకపోవడం అదే మొదటిసారి. 1995 మార్చి చివర్లో న్యాయమూర్తి సోనియా సోటమయోర్ యజమానుల మీద ఉత్తర్వులివ్వడంతో సమ్మె ముగిసింది. పరిమితీ రాలేదు, అనుకున్న పంపకమూ జరగలేదు. చిన్న జట్లను బతికిస్తామని మొదలైన పోరు చిన్న జట్లలోకెల్లా గొప్పదాన్ని బలి తీసుకుంది.

సమ్మె ఆగిన వారంలోనే జట్టు చెదిరిపోయింది. ఏప్రిల్ 5న హిల్ సెయింట్ లూయిస్‌కు, వెటలండ్ యాంకీస్‌కు వెళ్లారు. మర్నాడు గ్రిసమ్ అట్లాంటాకు. 8న వాకర్, జట్టు తనకు కొత్త కాంట్రాక్టు ఇవ్వజూపకపోవడంతో, ఫ్రీ ఏజెంట్‌గా కొలరాడోతో సంతకం చేశాడు. నాలుగు రోజుల్లో నలుగురు. ఆ అక్టోబరులో అట్లాంటా వరల్డ్ సిరీస్ గెలిచినప్పుడు చివరి బంతి పట్టింది గ్రిసమ్. 1996లో యాంకీస్ గెలిస్తే సిరీస్‌లో అత్యుత్తమ ఆటగాడు వెటలండ్. 1997లో ఫ్లోరిడా గెలిస్తే ఆ జట్టులో మొయిసెస్ అలూ. అదే ఏడాది వాకర్ నేషనల్ లీగులో అత్యుత్తమ ఆటగాడు. నారు పోసింది మాంట్రియల్. పంట కోసుకుంది మిగతా లీగంతా.

పెడ్రో ఒక్కడూ మిగిలాడు. 1997లో 305 మందిని స్ట్రైకౌట్ చేసి సై యంగ్ అవార్డు తెచ్చాడు. ఆ నవంబరులోనే ఇద్దరు కుర్రాళ్లకు మారుగా బోస్టన్‌కు పంపేశారు. బోస్టన్ అతనికి ఆరేళ్లకు 7.5 కోట్ల డాలర్లు రాసిచ్చింది. పెంచినవాళ్లను నిలుపుకోని యజమానిని అభిమానులు ఎన్నాళ్లని నమ్ముతారు? ఏటా ఒక బొమ్మను గోడ మీంచి దించుకోవాల్సిన పిల్లవాడు చివరికి బొమ్మ అతికించడం మానేస్తాడు. 2001లో ఏడాది మొత్తానికి వచ్చినవాళ్లు 6,42,745 మంది. ఆ అంకె చూపించి, మాంట్రియల్‌కు బేస్‌బాల్ మీద ప్రేమ లేదన్నారు.

ఊరి నడుమ కొత్త స్టేడియం కడదామనుకుంటే క్యూబెక్ ప్రభుత్వం డబ్బివ్వనంది. 1999 డిసెంబరులో న్యూయార్క్ కళాఖండాల వ్యాపారి జెఫ్రీ లోరియా 24 శాతం వాటాతో జట్టు పగ్గాలు పట్టాడు. మిగతా భాగస్వాములు అదనపు డబ్బు పెట్టకపోవడంతో అతని వాటా 90 శాతం దాటింది. 2000 సీజన్‌లో ఇంగ్లిష్ రేడియోలో, టీవీలో ఆట వినపడలేదు, కనపడలేదు. 2001 మే నెలాఖరున ఫెలిపె అలూను తీసేశారు. ఆ నవంబరులో యజమానులు రెండు జట్లను పూర్తిగా రద్దు చేయాలని 28-2 ఓట్లతో తీర్మానించారు. ఒకటి మాంట్రియల్, రెండోది మిన్నెసోటా అని అందరికీ తెలుసు. మిన్నెసోటా స్టేడియం కౌలు మీద కోర్టు ఉత్తర్వు రావడంతో ఆ కత్తి కొంతకాలం ఆగింది.

2002లో లోరియా జట్టును లీగుకే 12 కోట్ల డాలర్లకు అమ్మి, ఫ్లోరిడా మార్లిన్స్‌ను కొన్నాడు. సిబ్బందినీ కంప్యూటర్లనూ ఆటగాళ్ల సమాచారాన్నీ వెంట తీసుకుపోయాడు. ఇక ఎక్స్‌పోస్ యజమానులెవరంటే, వాళ్లతో పోటీ పడే 29 జట్లే. ప్రత్యర్థుల చేతిలో ఖర్చుల సంచి ఉన్న జట్టు ఎలా గెలుస్తుంది? అయినా 2003 ఆగస్టు నెలాఖరుకు వాళ్లు ప్లేఆఫ్స్ రేసులో నిలిచారు. సెప్టెంబరులో ప్రతి జట్టూ కింది స్థాయి నుంచి అదనపు ఆటగాళ్లను పిలుచుకుంటుంది. ఆ కొద్దిపాటి ఖర్చుకు లీగు ఒప్పుకోలేదు. పైగా ఆ ఏడాదీ, మరుసటి ఏడాదీ సొంత ఆటల్లో ఇరవైకి పైగా ప్యూర్టో రికోలోని సాన్ హువాన్‌లో ఆడించారు. 2004 జనవరిలో వ్లదిమిర్ గెరెరో ఫ్రీ ఏజెంట్‌గా అనహైమ్ వెళ్లాడు. వెళ్లిన ఏడాదే అమెరికన్ లీగులో అత్యుత్తమ ఆటగాడయ్యాడు.

2004 సెప్టెంబర్ 29న, జట్టు వాషింగ్టన్‌కు తరలిపోతుందని లీగు ప్రకటించింది. ఆ రాత్రే మాంట్రియల్‌లో చివరి ఆట. ఖాళీ కుర్చీలకు అలవాటు పడిన స్టేడియానికి 31,395 మంది వచ్చారు. ఎదుటి జట్టు లోరియా కొనుక్కున్న ఫ్లోరిడా. ఎక్స్‌పోస్ 9-1తో ఓడింది. అక్టోబర్ 3న, పుట్టిన చోటైన షే స్టేడియంలోనే, చివరిసారి ఆడి కనుమరుగైంది.

ఆ నెల 26న వరల్డ్ సిరీస్ మూడో ఆటలో బోస్టన్ పిచర్ పెడ్రో మార్టినెజ్. షార్ట్‌స్టాప్‌లో నిలబడింది ఆ జులై వరకూ మాంట్రియల్‌కు ఆడిన ఒర్లాండో కాబ్రెరా. ఎదుటి సెయింట్ లూయిస్ బ్యాటర్లలో లారీ వాకర్. మొదటి ఇన్నింగ్స్‌లో పరుగు కోసం దూసుకొచ్చిన వాకర్ హోమ్ ప్లేట్ దగ్గర అవుటయ్యాడు. పెడ్రో ఏడు ఇన్నింగ్స్‌లు పరుగివ్వలేదు. ఒకప్పుడు ఒకే రంగు టోపీ పెట్టుకున్న ఇద్దరు ప్రపంచమంతా చూస్తుండగా తలపడ్డారు. వాళ్లను జతగా నిలబెట్టిన జట్టు మూడు వారాల కిందటే చరిత్రలో కలిసిపోయింది.

దీనికి నేరస్థుడెవరు? ఆరేళ్లు కష్టపడి తన ధర తాను అడిగిన వాకర్ కాదు, గెరెరో కాదు. కెనడాలో బేస్‌బాల్ నడవదన్న మాటా చెల్లదు. టొరంటో 1992, 1993 వరుసగా రెండేళ్లు విజేత, 1991లో 40 లక్షల టికెట్లు అమ్మింది. అసలు కిటుకు ఎక్కడుందంటే, ఏ జట్టూ ఒంటరిగా ఆడలేదు. యాంకీస్ ఆటను టీవీలో అమ్మాలంటే ఎదురుగా ఇంకో జట్టు నిలబడాలి. ఇద్దరు కలిసి ఆడిన ఆటకు వచ్చిన డబ్బు ఒక్క ఊరికే చెందుతుందనడం దగ్గరే అన్యాయం మొదలైంది. ఫ్రీ ఏజెన్సీ ఆ అన్యాయాన్ని సృష్టించలేదు, బయటపెట్టింది.

ఐపీఎల్ వేలం చూసే మన పాఠకులకు ఈ తేడా సులువుగా అర్థమవుతుంది. అక్కడ ప్రతి ఫ్రాంచైజీ పర్సుకూ ఒకే పరిమితి, టీవీ డబ్బు లీగు అమ్మి అందరికీ పంచుతుంది. అదీ సర్వరోగ నివారిణి కాదు. 2009లో కప్పు గెలిచిన హైదరాబాద్ డెక్కన్ చార్జర్స్ యజమాని అప్పుల్లో కూరుకుపోవడంతో 2012లో రద్దయింది. కానీ దాన్ని ముంబయి డబ్బు కూల్చలేదు. బేస్‌బాల్‌లో సమ్మె తర్వాత వచ్చిన, జీతాల ఖర్చు హద్దు దాటిన జట్లు కట్టే లగ్జరీ పన్నూ, పాక్షికమైన ఆదాయ పంపకమూ ఆ అంతరాన్ని పూడ్చలేకపోయాయి. 2023 డిసెంబరులో డాడ్జర్స్ షొహే ఓతానీకి పదేళ్లకు 70 కోట్ల డాలర్లు రాసిచ్చింది. అందులో 68 కోట్లు కాంట్రాక్టు ముగిశాక చెల్లించేవి. ఆ జట్టు 2024లో, 2025లో వరసగా వరల్డ్ సిరీస్ గెలిచింది. ఎక్స్‌పోస్ వారసురాలైన వాషింగ్టన్ నేషనల్స్ 2019లో విజేత. ఆ జట్టు పెంచిన హువాన్ సోటో ఇవాళ న్యూయార్క్ మెట్స్‌లో, 15 ఏళ్లకు 76.5 కోట్ల డాలర్ల కాంట్రాక్టు మీద ఉన్నాడు. ఊరు మారినా రాత మారలేదు.

మాంట్రియల్ మాత్రం మళ్లీ అడిగింది. టాంపా బే జట్టు ఆటల్లో సగమైనా తమ ఊళ్లో ఆడించాలన్న ప్రతిపాదన వెనుక నిలిచినవాళ్లకు ముందు నడిచింది చార్లెస్ బ్రాన్‌ఫ్‌మన్ కొడుకు. 2022 జనవరిలో లీగు కాదంది. బేస్‌బాల్‌లో యజమానులకూ ఆటగాళ్లకూ ఉన్న ఒప్పందం గడువు 2026 డిసెంబర్ 1. జీతాల పరిమితి మాట మళ్లీ వినిపిస్తోంది. ఆటగాడి ధర మీద చెయ్యి వేసే ముందు యజమానులు తమ ఆదాయపు ఖాతాలు ఒకచోట చేర్చాలి. 1994లో ఆ పని చేయనందుకే ఒక ఊరు తన జట్టును పోగొట్టుకుంది. ఈసారీ చేయకపోతే తప్పు ఆటగాళ్లదనే అర్హత వాళ్లకు లేదు.